తప్పు చేసిన కోచ్ వెళ్లిపోయాడు, శిక్ష మా అమ్మాయికి మిగిలింది

అమెరికాలో ఉంటున్న ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు, యూనివర్సిటీ పేరు వేయవద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

ఆయన తొంభైల చివర్లో ఎంఎస్ చేయడానికి అక్కడికి వెళ్లారు. ఉద్యోగం కూడా ఆ దగ్గర్లోనే దొరికింది. అప్పటి నుంచి ఆ యూనివర్సిటీ జట్లంటే ప్రాణం. శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్ ఉందంటే పొద్దున్నే స్టేడియం పార్కింగ్‌లో స్టవ్ పెట్టి, మిర్చి బజ్జీలు వేసి, పక్క కార్లవాళ్లకి కూడా వాటిని అలవాటు చేసిన మనిషి. చాలా ఏళ్లుగా సీజన్ టికెట్లు కొంటున్నారు. క్రీడా విభాగానికి ఏటా కొంత విరాళం కూడా ఇస్తున్నారు.

కూతురు చిన్నప్పటి నుంచి టెన్నిస్ ఆడుతోంది. తాను చదివిన యూనివర్సిటీలోనే ఆమెకి స్కాలర్‌షిప్‌తో సీటు వచ్చిన రోజు, "ఇంకేం కావాలి అనిపించింది" అని రాశారు. ఆమె ఇప్పుడు మూడో సంవత్సరం ముగింపులో ఉంది. చదువు కెమికల్ ఇంజనీరింగ్. జట్టులో నాలుగో నంబర్ సింగిల్స్ ఆడుతుంది. చేరిన ఏడాదే జట్టు తమ కాన్ఫరెన్స్‌లో, అంటే కొన్ని కాలేజీలు కలిసి ఆడే లీగ్‌లో, చాంపియన్ అయింది, అందరికీ పేర్లు చెక్కిన ఉంగరాలు ఇచ్చారు. ఆ ఉంగరం పెట్టుకుని కప్పు పక్కన నిలబడ్డ ఫొటో తెనాలిలో నానమ్మగారి హాల్లో, తాతగారి ఫొటో పక్కనే ఉంది.

తర్వాత తెలిసిందేమిటంటే, ఆ కోచ్ ఒక విదేశీ క్రీడాకారిణి ఇంటి అద్దెని ఊళ్లో ఒక వ్యాపారి చేత కట్టించాడు. నిబంధనల ప్రకారం ఆ అమ్మాయి ఆడటానికి అర్హురాలు కాదు. విచారణ మొదలయ్యేనాటికి కోచ్ ఇంకో చోట ఉద్యోగంలో చేరిపోయాడు. ఆ అమ్మాయి చదువు ముగించుకుని తన దేశం వెళ్లిపోయింది. యూనివర్సిటీ తప్పు ఒప్పుకుని, తన మీద తనే శిక్ష వేసుకుంది: జరిమానా, స్కాలర్‌షిప్‌లలో కోత, వచ్చే సీజన్‌కి పోస్ట్‌సీజన్ నిషేధం. ఆ అమ్మాయి ఆడిన మ్యాచ్‌లలో జట్టు గెలుపులన్నీ రికార్డు నుంచి కొట్టేశారు. కాన్ఫరెన్స్ టైటిల్ కూడా పోయింది. టెన్నిస్ కోర్టుల దగ్గర గోడకున్న బోర్డు మీద ఆ సంవత్సరం అంకెలు పీకేస్తే, స్క్రూల రంధ్రాలు మాత్రం మిగిలాయట.

ఆయన ప్రశ్నలు మూడు. అమ్మాయి చివరి ఏడాది ఇంకో కాలేజీకి మారాలా? ఇన్నేళ్లు అభిమానించిన యూనివర్సిటీకి టికెట్లు, విరాళం ఆపేయాలా? ఆ ఉంగరాన్ని, ఫొటోని ఏం చేయాలి, చుట్టాలకి ఏం చెప్పాలి? భార్యేమో "ఆటలు ఇక చాలు, డిగ్రీ చూసుకోమనండి" అంటున్నారు. అమ్మాయి "నాకు తెలీదు నాన్నా" తప్ప ఏమీ అనడం లేదు. ఈలోగా ఆయన కోపం పట్టలేక క్రీడా విభాగం డైరెక్టర్‌కి పెద్ద మెయిల్ రాసి, దాన్నే పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టారు. అది తిరిగి తిరిగి జట్టులో పిల్లల ఫోన్లకి చేరింది. కూతురు అన్న మాట: "ఇది నా గురించి రాసింది కాదు నాన్నా, నీ గురించి రాసుకున్నావు." అప్పటి నుంచి సరిగ్గా మాట్లాడటం లేదు. చివర్లో ఒక ముక్క రాశారు. ఒక మిత్రుడికి వేరే యూనివర్సిటీ కోచ్ బాగా తెలుసట, "నేను ఒక మాట వేస్తాను" అంటున్నాడట. సరేననమంటారా అని అడిగారు.

ఇక నా సమాధానం.

మీకు జరిగింది అన్యాయమే. ముందు ఆ మాట చెప్పేస్తే మిగతాది తేలిగ్గా మాట్లాడుకోవచ్చు. అమెరికా కాలేజీ ఆటలు తెలియని పాఠకుల కోసం ఒక్క ముక్క: అక్కడ ఈ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. కాలేజీ నిబంధన తప్పితే జరిమానా వేస్తుంది, స్కాలర్‌షిప్‌లు కోస్తుంది, సీజన్ చివర జరిగే అసలు పోటీలకి, అంటే పోస్ట్‌సీజన్‌కి, రానివ్వదు. విచారణ నెమ్మదిగా సాగుతుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు, తీర్పు వచ్చేసరికి తప్పు చేసినవాళ్లు చాలాసార్లు ఊళ్లోనే ఉండరు. అప్పటికి ఎవరు జట్టులో ఉంటే వాళ్ల నెత్తిన పడుతుంది.

లూయివిల్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2010 నుంచి 2014 దాకా అక్కడి క్రీడాకారుల హాస్టల్లో ఒక ఉద్యోగి అసభ్యమైన పార్టీలు ఏర్పాటు చేశాడు. డేమియన్ లీ, ట్రే లూయిస్ అనే ఇద్దరు కుర్రాళ్లు అప్పుడు వేరే కాలేజీల్లో ఉన్నారు. డిగ్రీ పూర్తి చేసుకుని, ఒక్కసారైనా జాతీయ టోర్నమెంట్ ఆడాలని చివరి ఏడాది లూయివిల్‌కి వచ్చారు. 2016 ఫిబ్రవరిలో, జట్టు 18 గెలిచి 4 ఓడిన దశలో, యూనివర్సిటీ తనంతట తనే ఆ ఏడాది టోర్నమెంట్ ఆడబోమని ప్రకటించింది. సంబంధం లేని ఇద్దరు పిల్లలు, ఉన్న ఒక్క అవకాశం, సీజన్ మధ్యలో పోయింది. పోనీ వాళ్ల త్యాగంతో శిక్ష తప్పిందా అంటే అదీ లేదు. 2018లో ఆ జట్టు 2013 జాతీయ టైటిల్‌ని కూడా కొట్టేశారు.

కాలేజీలు తమ మీద తామే నిషేధం ఎందుకు వేసుకుంటాయని మీ ఉత్తరంలో అడిగారు. పెద్ద శిక్ష తప్పించుకోవడానికి. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ తన ఫుట్‌బాల్ జట్టుకి 2011లో అలా చేయలేదు. మామూలుగా ఆడిన ఆ ఏడాది, సీజన్ ముగిశాక ఆడే బౌల్ మ్యాచ్‌లలో ఒక చిన్నదానికి వెళ్లి ఓడిపోయింది. తర్వాత ఎన్‌సీఏఏ 2012కి నిషేధం వేసింది. ఆ 2012లో జట్టు 12కి 12 గెలిచింది, జాతీయ టైటిల్‌కి ఆడే దారి మాత్రం మూసుకుపోయింది. అంటే క్రీడా విభాగం పెద్దలు గదిలో కూర్చుని తేల్చేది, ఏ ఏడాది పిల్లలు ఈ బాకీ కట్టాలి అన్నది. మీవాళ్లు వచ్చే ఏడాది పిల్లల్ని ఎంచుకున్నారు. మీ కోపం అక్కడ పెట్టుకోవచ్చు, తప్పులేదు.

ఈ అన్యాయం ఎన్‌సీఏఏకీ తెలుసు. 2022లో అమల్లోకి వచ్చిన కొత్త నియమావళిలో, తప్పుతో సంబంధం లేని ఆటగాళ్లని సాధ్యమైనంతవరకు శిక్షించకూడదని రాసుకుంది. 2023లో టెనెసీ ఫుట్‌బాల్‌కి 80 లక్షల డాలర్లకి పైగా జరిమానా వేసింది, పోస్ట్‌సీజన్ నిషేధం మాత్రం వేయలేదు. 2025 ఆగస్టులో మిషిగన్ ఫుట్‌బాల్‌ విషయంలోనూ అంతే. ఎదుటి జట్ల సైగలు దొంగచాటుగా సేకరించిన కేసు అది. భారీ జరిమానా, కోచ్‌ల మీద ఏళ్ల తరబడి ఆంక్షలు పడ్డాయి, ఆటగాళ్లు మాత్రం ఆడుకున్నారు. మిషిగన్‌లో నోవై, కాంటన్ వైపు ఉండే మనవాళ్లు చాలామంది ఊపిరి పీల్చుకుని ఉంటారు. అది చూసి "ఫుట్‌బాల్‌కి ఒక న్యాయం, మా అమ్మాయి టెన్నిస్‌కి ఒక న్యాయమా" అని మీకు మండటం సహజం. టీవీ డబ్బు తెచ్చే ఆటకి జరిమానా కట్టే శక్తి ఉంటుంది, టెన్నిస్‌కి ఉండదు. అయితే డబ్బుతో సరిపెట్టడం నాకు పూర్తిగా నచ్చదు. ఉన్నవాళ్లు దాన్ని ఖర్చు పద్దులో రాసుకుని మళ్లీ అదే పని చేయగలరు. దీనికి చక్కటి పరిష్కారం ఎవరి దగ్గరా ఉన్నట్టు లేదు.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. మీ ఉత్తరంలో రెండు బాధలు కలిసిపోయాయి. ఒకటి మీ అమ్మాయిది: ఆఖరి సీజన్, గెలిచిన టైటిల్, జట్టు. ఇంకోటి మీది: పాతికేళ్లు నాది అనుకున్న చోటు నా బిడ్డనే ఇలా చేసిందే అన్నది. రెండూ నిజమైనవే. మీరు మాత్రం రెండో బాధతో మొదటి సమస్యని పరిష్కరించబోతున్నారు. కాలేజీ మారాలా వద్దా అన్న ప్రశ్న కింద మీరు రాసిన కారణాలు మళ్లీ చదువుకోండి. "ఇంత అవమానం జరిగాక అక్కడ ఎలా ఉంటుంది", "వాళ్లకి బుద్ధి రావాలి", "వాళ్ల కోసం ఇంకో ఏడాది ఎందుకు చెమటోడ్చాలి". ఇవన్నీ అభిమాని మాటలు. ఆ అమ్మాయి రోజూ పొద్దున్న ఆరింటికి కోర్టుకి వెళ్లేది యూనివర్సిటీ కోసమో, డబుల్స్‌లో తన పక్కన ఆడే అమ్మాయి కోసమో మీరు అడిగారా? ఆమె మీతో అన్న మాట దురుసుగా ఉన్నా, తప్పు కాదు.

దారుల సంగతి చూద్దాం.

మొదటిది, అక్కడే ఉండి ఆడటం. పోస్ట్‌సీజన్ నిషేధం అంటే ఆటే లేదని కాదు. మామూలు సీజన్ మ్యాచ్‌లు ఉంటాయి, ర్యాంకింగ్ ఉంటుంది, ఆరు సింగిల్స్, మూడు డబుల్స్ ఎప్పటిలాగే ఆడతారు. పోయేది చివరి అంకం. అందులోనూ ఆదేశాన్ని అక్షరం అక్షరం చదవాలి. నిషేధం జట్టు పోటీకేనా, వ్యక్తిగత సింగిల్స్, డబుల్స్ చాంపియన్‌షిప్‌కి కూడానా? కాన్ఫరెన్స్ టోర్నమెంట్ అందులో ఉందా, లేదా? వ్యక్తిగత పోటీలని 2024లో నవంబర్‌కి మార్చారు, ఇప్పటికీ అలాగే ఉన్నాయా, వాటికి తలుపు తెరిచి ఉందా అని అడగండి. నాలుగో నంబర్ క్రీడాకారిణికి సింగిల్స్‌లో ఆ దారి ఇరుకే, డబుల్స్‌లో కొంత నయం. ఇంకో ప్రశ్న కూడా ఉంది, మీకు కష్టంగా ఉన్నా. జాతీయ జట్టు టోర్నమెంట్‌లో 64 జట్లు ఉంటాయి. స్కాలర్‌షిప్‌లు తగ్గి, కోచ్ మారిన మీ జట్టు, నిషేధం లేకపోయినా వచ్చే ఏడాది ఆ 64లో ఉండేదా? ఉండదని మీ అమ్మాయికి తెలిస్తే, ఆమె పోగొట్టుకుంటున్నది మీరు అనుకుంటున్నంత ఉండకపోవచ్చు.

ఉండిపోయినవాళ్లకి ఏం దక్కుతుందంటారా? పెన్ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టుని చూడండి. అక్కడ జరిగింది మీ కేసులాంటిది కాదు. పిల్లల మీద ఏళ్ల తరబడి జరిగిన అత్యాచారాలని పెద్దలు పట్టించుకోని ఘోరం. 2012 జులైలో 6 కోట్ల డాలర్ల జరిమానా, నాలుగేళ్ల బౌల్ నిషేధం, స్కాలర్‌షిప్‌ల కోత పడ్డాయి, 112 గెలుపులు రద్దయ్యాయి. ఆటగాళ్లు ఎక్కడికైనా వెళ్లి వెంటనే ఆడవచ్చని ఎన్‌సీఏఏ అనుమతించింది. అంతే, ఇల్లినాయ్ యూనివర్సిటీ కోచ్‌లు ఏకంగా ఆ ఊళ్లోనే దిగిపోయారు. కొందరు ఆటగాళ్లు వెళ్లారు. రెండు రోజుల తర్వాత మైకేల్ మౌటీ, మైకేల్ జోర్డిచ్ అనే ఇద్దరు సీనియర్లు తోటివాళ్లని వెంటబెట్టుకుని కెమెరాల ముందుకొచ్చి, మేం ఇక్కడే ఉంటాం అని చెప్పారు. జెర్సీ వీపు మీద పేరు వేయని సంప్రదాయం ఆ జట్టుది. ఉండిపోయినవాళ్ల గౌరవార్థం ఆ ఏడాది పేర్లు వేశారు. మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడి, చివరికి 8 గెలిచి 4 ఓడారు. బౌల్ లేదు, కప్పు లేదు. అయినా సీజన్ చివర, చాంపియన్ జట్ల సంవత్సరాలు రాసి ఉన్న స్టేడియంలో 2012 అంకె కూడా పెట్టారు.

రెండో దారి, మారడం. 2024 నుంచి నిబంధనలు సడలాయి. చదువులో అర్హత ఉంటే ఎన్నిసార్లు మారినా వెంటనే ఆడవచ్చు. కానీ పోర్టల్‌లో, అంటే కాలేజీ మారాలనుకునే క్రీడాకారుల జాబితాలో, పేరు వేయించుకోవడానికి గడువు ఉంటుంది. పేరు పడ్డాక ఇప్పటి కాలేజీ వచ్చే టర్మ్ నుంచి స్కాలర్‌షిప్ ఆపేసే వీలు ఉందా అన్నది ఆమె సంతకం చేసిన కాగితంలో చూసుకోవాలి. సీట్లు కూడా ఇదివరకటిలా లేవు. ఆటగాళ్లకి చెల్లింపుల కేసులో 2025లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందంలో చేరిన కాలేజీల్లో మహిళల టెన్నిస్ జట్టుకి 10 మందే పరిమితి.

అసలు చిక్కు చదువుతో. నాలుగో ఏడాది మొదలయ్యేసరికి డిగ్రీలో 60 శాతం పూర్తయి ఉండాలన్నది ఆడటానికి ఒక షరతు. ఆ 60 శాతం కొత్త కాలేజీ డిగ్రీ లెక్కలో. కెమికల్ ఇంజనీరింగ్ మూడో ఏడాది కోర్సులు వేరే చోట అలాగే ఒప్పుకుంటారని చెప్పలేం. పైగా చివరి క్రెడిట్లు మా దగ్గరే చేయాలని చాలా యూనివర్సిటీలు పట్టుబడతాయి. ఒక్క సీజన్ ఆట కోసం డిగ్రీ మరో ఏడాదికి పైగా సాగితే ఆ ఖర్చు ఎవరిది? ఆట కూడా గ్యారంటీ కాదు. పెన్ స్టేట్ నుంచి వెళ్లిన సైలస్ రెడ్ అనే ఆటగాడు చేరింది కాలిఫోర్నియాలోని యూఎస్‌సీలో. ఆ జట్టు అప్పుడే తన రెండేళ్ల నిషేధం ముగించుకుని, దేశంలో నంబర్ వన్‌గా సీజన్ మొదలుపెట్టింది. ముగించింది 7 గెలుపులు, 6 ఓటములతో. అతను వదిలి వచ్చిన జట్టు కంటే అది తక్కువే.

మారితే మంచి జరిగే సందర్భాలూ ఉంటాయి. కొత్త కోచ్ మీ అమ్మాయిని ఆడించే ఉద్దేశంలో లేకపోయినా, స్కాలర్‌షిప్ కోతలో ఆమెది కూడా ఉన్నా, ఆమెకే ఇక్కడ ఊపిరాడకపోయినా మారడమే మేలు కావచ్చు. ఈ మూడింటిలో ఒక్కటి గురించి కూడా మీ ఉత్తరంలో లేదు. మీరు రాయలేదా, మీకు తెలియదా?

మూడో దారి మీరెవరూ ఆలోచించినట్టు లేదు. ఐదేళ్లలో నాలుగు సీజన్లు ఆడవచ్చన్నది చాలాకాలంగా ఉన్న లెక్క. నిషేధం ఉన్న ఏడాది ఆడకుండా చదువు పూర్తి చేసి, ఐదో ఏడాది మాస్టర్స్‌లో చేరి, అక్కడో ఇంకో చోటో చివరి సీజన్ ఆడవచ్చు. డిగ్రీ చేతికొచ్చాక మారితే క్రెడిట్ల గొడవ ఉండదు. ఇందులో ఇబ్బందులు: ఒక ఏడాది మ్యాచ్‌లు లేకుండా ప్రాక్టీస్ చేయడం ఒంటికీ మనసుకీ కష్టం, ఐదో ఏడాది స్కాలర్‌షిప్‌కి హామీ లేదు, ఇప్పటికే సన్నబడ్డ జట్టులో ఆమె పక్కకి తప్పుకుంటే మిగతా పిల్లలు ఏమనుకుంటారన్నదీ ఉంది. ఈ ఐదేళ్ల లెక్క మార్చాలన్న చర్చ కూడా నడుస్తోంది కాబట్టి ఈ రోజు అమల్లో ఉన్న నిబంధన ఏమిటో కంప్లయన్స్ ఆఫీసులో, అంటే నిబంధనల అమలు చూసే యూనివర్సిటీ ఆఫీసులో, రాతపూర్వకంగా అడిగి తెలుసుకోమనండి. అడగాల్సింది ఆమె, మీరు కాదు.

మీ ఆవిడ చెప్పిన దారిని తేలిగ్గా కొట్టిపారేయకండి. ఆట మానేసి డిగ్రీ ముగించడం పరువు తక్కువ పని కాదు. ఉద్యోగాలకి తిరిగే ఆ చివరి ఏడాది వారానికి ఇరవై గంటలు మిగలడం చిన్న విషయమా? కానీ స్కాలర్‌షిప్ ఏమవుతుందో ముందు తెలియాలి. అది పోతే చివరి ఏడాది ఫీజు ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి, "ఆటలు ఇక చాలు" అనే మాట తల్లి నోట వస్తే పిల్లలకి ఇన్నాళ్లు ఆడింది దండగ అన్నట్టు వినిపిస్తుంది. మీ ఆవిడ ఉద్దేశం అది కాదని నాకు అర్థమైంది. అమ్మాయికి అర్థమైందో లేదో ఆవిడే కనుక్కోవాలి.

ఉంగరం సంగతి. కొట్టేసింది జట్టు గెలుపుని. ఇలాంటి తీర్పుల్లో సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది: అర్హత ఉన్న క్రీడాకారుల సొంత ఫలితాలు, అవార్డులు అలాగే ఉంటాయని. మీ యూనివర్సిటీ ఆదేశంలో అది ఉందో లేదో చూడండి. లూయివిల్ 2013 జట్టులో ఐదుగురు ఈ విషయం మీద ఎన్‌సీఏఏని కోర్టుకి లాగారు. 2019లో రాజీ కుదిరింది. జట్టు టైటిల్ తిరిగి రాలేదు కానీ వాళ్ల సొంత గణాంకాలు, గౌరవాలు వాళ్లకే ఉన్నాయని తేలింది. ఆ టోర్నమెంట్‌లో అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికైన ల్యూక్ హాంకాక్ ఆ ఐదుగురిలో ఒకడు. కాబట్టి కాన్ఫరెన్స్ ఫైనల్లో మూడు సెట్లు ఆడి గెలిచిన మ్యాచ్ మీ అమ్మాయిదే. ఉంగరం తిరిగి ఇమ్మని ఎవరూ అడగనప్పుడు మీరే దాన్ని దాచేయడం ఎందుకు? నానమ్మగారి గోడ మీద ఫొటోని కదిలించకండి. చుట్టాలు అడిగితే "జట్టులో ఒకరి విషయంలో కోచ్ నిబంధన తప్పాడు, టైటిల్ రద్దు చేశారు, మా అమ్మాయి తప్పేం లేదు" అంటే సరిపోతుంది. తెనాలిలో కాన్ఫరెన్స్ టైటిల్ రద్దు మీద అంతకంటే లోతైన చర్చ జరగదు లెండి.

అభిమానం సంగతికి వద్దాం, ఇది పూర్తిగా మీది. టికెట్లు, విరాళం ఆపేస్తే ఎవరికి తగులుతుంది? ఆ కోచ్‌కి తగలదు, అతనిప్పుడు వేరే కాలేజీ జీతగాడు. క్రీడా విభాగానికి డబ్బు బిగిస్తే ముందు కోత పడేది టెన్నిస్ లాంటి ఆటలకే. కొన్ని కాలేజీలు ఈమధ్య టెన్నిస్ జట్లనే ఎత్తేశాయి. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు అవుతుందేమో ఆలోచించండి. అలాగని మనసు విరిగినా డబ్బు కడుతూ ఉండాలనీ లేదు. మొత్తం క్రీడా విభాగానికి ఇచ్చేది ఆపి, అంతే మొత్తం మీ పాత డిపార్ట్‌మెంట్ విద్యార్థుల స్కాలర్‌షిప్‌కి మళ్లించవచ్చు. లేదా టెన్నిస్ జట్టు ఖర్చులకే వాడాలని షరతుతో ఇవ్వవచ్చు. ఒక ఏడాది విరామం తీసుకోవచ్చు. అప్పుడు ఫుట్‌బాల్ టికెట్లలో మీ వరసలో సీట్లు వేరేవాళ్లకి పోతాయి, మళ్లీ వెనక నుంచి మొదలుపెట్టాలి, అంతే.

మీలాంటి అభిమానులకి ఓపిక నేర్పింది డల్లాస్‌లోని ఎస్‌ఎంయూ అనే యూనివర్సిటీ. ఆటగాళ్లకి డబ్బులిచ్చినందుకు 1987లో వాళ్ల ఫుట్‌బాల్ సీజన్ మొత్తం రద్దయింది, 1988లోనూ ఆడలేదు. మళ్లీ ఒక బౌల్ మ్యాచ్ ఆడటానికి 2009 దాకా పట్టింది. అప్పట్లో స్టేడియంకి వెళ్లిన విద్యార్థులకి ఆ సమయానికి పిల్లలు పుట్టి వాళ్లు కాలేజీకి వచ్చి ఉంటారు. వాళ్లలో కొందరు వదిలేశారు, కొందరు ఉన్నారు. వదిలేసినవాళ్లని నేను తప్పుపట్టను. మీరు ఎటు మొగ్గినా ఫరవాలేదు, ఆ నిర్ణయం మీ అమ్మాయి అక్కడ ఉండటం మీద, మారడం మీద ఆధారపడకుండా ఉంటే చాలు. ఆమె ఉంటే మీరు అభిమాని, వెళ్తే శత్రువు అన్నట్టు పెడితే, పాపం, రెండు బరువులూ ఆమే మోయాలి.

వాట్సాప్ మెయిల్ గురించి. దాన్ని వెనక్కి తీసుకోలేరు. కానీ ఆమెకి క్షమాపణ చెప్పేటప్పుడు "నీ మంచికే రాశాను" అని మొదలుపెట్టకండి. "నిన్ను అడక్కుండా రాశాను, తప్పు" అని ఆపేయండి. తర్వాత ఏం చేయాలనుకుంటున్నావని ఒక్కసారి అడిగి, ఆమె చెప్పేదాకా ఆగండి. ఆమె రెండు వారాలు చెప్పకపోతే పోర్టల్ గడువు తేదీ ఒక్కటి గుర్తు చేయండి, అంతకు మించి వద్దు. వచ్చే సీజన్‌లో ఆమె ఆడితే మీరు మ్యాచ్‌లకి వెళ్తారుగా. పులిహోర డబ్బా పట్టుకెళ్లే ముందు మాత్రం కంప్లయన్స్ ఆఫీసుని ఒక మాట అడగండి. నేను నవ్వులాటకి అనడం లేదు. విరాళం ఇచ్చారు కాబట్టి నిబంధనల లెక్కలో మీరూ ఒక బూస్టరే, అంటే జట్టుకి అండగా నిలిచే దాతే, ఆ అద్దె కట్టిన వ్యాపారి లాగే. తల్లిదండ్రులకి కొన్ని మినహాయింపులు ఉంటాయి, కానీ విచారణ తాజాగా ముగిసిన జట్టు చుట్టూ ఎవరు ఏం ఇచ్చారన్నది ఇప్పుడు అందరూ చూస్తారు.

ఇంతవరకు దారులు చెప్పాను, ఎంచుకోవడం మీ ఇంట్లోవాళ్ల ఇష్టం. మీ మిత్రుడి విషయం అలా కాదు. అమ్మాయి పేరు పోర్టల్‌లో పడకముందు ఇంకో కాలేజీ కోచ్ ఆమెతో గానీ, మీతో గానీ, మధ్యవర్తి ద్వారా గానీ మాట్లాడటం నిబంధనలకి విరుద్ధం. ఆ కాలేజీ మీద కేసు అవుతుంది, చివరి సీజన్ ముందు మీ అమ్మాయి పేరు ఇంకో విచారణలోకి వస్తుంది. ఆయన ఇంకా ఆ కోచ్‌తో మాట్లాడకపోతే ఇవాళే ఫోన్ చేసి వద్దని చెప్పండి. ఇప్పటికే మాట్లాడేసి ఉంటే, ఆ సంగతి ముందు మీ అమ్మాయికి చెప్పండి, తర్వాత మీ యూనివర్సిటీ కంప్లయన్స్ ఆఫీసుకి మీరే వెళ్లి చెప్పండి.